జోసెఫ్ భుజాలు

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసే ఓబులేసు, రోజూ పొద్దున్నే ఆ పనికి కూర్చోకముందు తన కోసం ఒక నగ్న పురుషుడి బొమ్మ గీసుకుంటాడు. రెండువేల నాలుగులో ఒక ఆదివారం, మూడేళ్లుగా అతనితో కలిసి ఉంటున్న కుళ్ళాయప్ప ఆ బొమ్మల పుస్తకాలన్నీ పెట్టెలోంచి తీసి తిరగేశాడు. అన్నిట్లోనూ ఒకే మనిషి.

"ఎవరప్పా వీడు?"

"జోసెఫ్. హిందూపురంలో లారీ డ్రైవర్లకు ఎయిడ్స్ గురించి చెప్పేకి పోతాంటిమే, అప్పుడు నాతోపాటు తిరిగినోడు."

"వట్టి తిరిగినోని తొడలు ఇంత బాగా గుర్తుంటాయా?"

"దాచేదేముండాది, కలిసి ఉంటిమి."

"ఇప్పుడు యాడుండాడు?"

"ఆ రోగంతోనే పోయినాడు, తొంభై తొమ్మిదిలో."

పోయాడని విన్నా కుళ్ళాయప్ప కడుపుమంట చల్లారలేదు.

"జాలితో గీసినవి కావివి. కోరికతో గీసినావు. నాకు తెలీదా?"

"అవును, కోరికే. చివర్లో అందరూ వాన్ని రోగం మాదిరే చూసిరి. ముట్టుకునేకి వాళ్ళమ్మ గూడా భయపడె. ఆ భుజాలు వట్టి ఎముకలైపాయ. అందుకే రోజూ ఇంత కండ పెడతాండా వానికి."

కుళ్ళాయప్ప చేతిలో పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"మరి నన్నెందుకు గీయవు?"

"నువ్వు కండ్లెదురుగానే ఉండావు కదప్పా."

"ఉన్నా, మూడేండ్లుగా వాన్నే చూస్తాండావు."

కుళ్ళాయప్ప చొక్కా విప్పి, కిటికీ పక్కన పీట మీద కూర్చున్నాడు.

"గీయి. పొట్ట తగ్గించి గీసినావంటే ఊరుకోను."