ఆఖరి రౌండులో తొమ్మిది సెకన్లు

వీడియో గేమ్ లీగు సీజన్ ముగిసిన మర్నాడు పొద్దున. జట్టు ప్రాక్టీసు గదిలో ఇద్దరే ఉన్నారు: కెప్టెన్, మూడేళ్ళుగా అతని పక్క కుర్చీలో ఆడుతున్న యువకుడు. ఆ యువకుణ్ణి జట్టులో అందరూ పిచ్చుక అంటారు.

"నేనడిగింది అది కాదు. ముందు ఆ తలుపు దగ్గరగా వెయ్యి."

"వేశాను అన్నా. దొంగని పట్టుకున్నట్టు ఏంటిది?"

"దొంగవో కాదో తేలాలనే పిలిచాను. కూర్చో. అక్కడ కాదు, నాకు నీ మొహం కనపడేట్టు కూర్చో. పదింటికి మేడమ్ వస్తారు."

"మేడమా? ఆవిడకెందుకు చెప్పావు?"

"మేనేజర్‌కి చెప్పక ఎదురింటి వాళ్ళకి చెప్పాలా? ఇంకా ఏం చెప్పలేదులే. రమ్మన్నాను, అంతే. ఆవిడ వచ్చేలోగా నువ్వు నిజం చెబితే మన మధ్యే తేల్చుకుందాం. పద్దెనిమిది వారాలు రా పిచ్చుకా! పద్దెనిమిది వారాలు పట్టికలో మొదటి పేరు మనది. ఒక్క వారం కిందకి దిగలేదు. ఆఖరికి ఫైనల్లో, అదీ ఆఖరి రౌండులో, గెలిచే మ్యాచ్ తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టి రెండో స్థానంతో ఇంటికొచ్చాం."

"పన్నెండు జట్లలో రెండో స్థానమంటే..."

"ఓదార్చకు. నిన్న ఏం చేశావో చెప్పు."

"ఆడాను."

"ఆడలేదు, నిలబడ్డావు. ఎడమ గేటు వైపు వీడియోలో లెక్కపెట్టాను, గుంజకి కట్టేసిన మేకలా తొమ్మిది సెకన్లు నిలబడ్డావు. వాళ్ళు ముగ్గురు నీ ముందునుంచే లోపలికొచ్చారు. అవతలి కుర్చీలో మన బండగాడు గొంతు చించుకున్నాడట, 'కాల్చరా, కాల్చరా' అని. నువ్వు కదల్లేదు."

"చెయ్యి పట్టేసింది."

"బస్సులో అడిగితే హెడ్‌సెట్‌లో శబ్దం పోయిందన్నావు."

"అదీ పోయింది."

"రెండూ కూడబలుక్కుని ఒకేసారి పోయాయా?"

"ఒక్కోసారి అంతే అన్నా."

"సరే. పొద్దున్నే వచ్చి రికార్డింగు విందామని కూర్చున్నాను. ప్రతి మ్యాచ్‌లో మనం మాట్లాడుకున్న మాటలన్నీ ఇందులో ఉంటాయి కదా. సీజన్ మొత్తం ఉంది. ఫైనల్‌ది లేదు. ఎవరు తీసేశారు?"

"నాకేం తెలుసు?"

"నీ పేరుతోనే తెరిచి ఉంది కంప్యూటరు."

"అదా... చోటు చాలట్లేదని పాతవేవో తీసేశాను."

"నిన్నటిది పాతదా?"

"పొరపాటున పోయుంటుంది."

"పోనీ ఇది చెప్పు. ఫైనల్‌కి రెండు గంటల ముందు, మెట్ల కింద, అవతలి జట్టు డాక్టరుతో నీకేం మాటలు? బండ చూశాడు. ఆయన ఏదో కాగితం ఇస్తే మడిచి జేబులో పెట్టుకున్నావట."

"చెయ్యి నొప్పి గురించి అడిగాను."

"మనకి డాక్టరు లేడా?"

"మన డాక్టరుతో చెబితే మేడమ్‌కి చేరిపోతుంది."

"చేరితే ఏం కొంప మునిగింది? ఏదీ ఆ కాగితం?"

"చింపేశాను."

"చింపేశావు. తీసేశావు. పోయింది. పట్టేసింది. బాగుంది రా! ఇంకొకటుంది, దీనికి మాత్రం తలా తోకా దొరకలేదు నాకు. నాలుగు రోజులుగా నా బండి తాళం కోసం ఇల్లు తలకిందులు చేశాను. మీ వదినతో గొడవపడ్డాను. పాపని నడిపించుకుని స్కూల్లో దింపాను. ఆ తాళం నీ బ్యాగులో ఉందేంటి?"

"నా బ్యాగు వెతికావా?"

"వెతికాను. సిగ్గుపడుతూనే వెతికాను."

"అడిగితే ఇచ్చేవాణ్ణి కదన్నా."

"నిజంగా?"

"లేదులే. అడిగినా ఇచ్చేవాణ్ణి కాదు."

"ఒరేయ్! మ్యాచ్ అమ్ముకున్నావంటే ఆశపడ్డావనుకుంటాను. నా డొక్కు బండి తాళంతో నీకేం పని రా?"

"అమ్ముకున్నాననే రాసుకో అన్నా. సంతకం పెడతాను. మేడమ్ వచ్చాక నేనే ఒప్పుకుంటాను. జట్టు వదిలేసి పోతాను. ఆ తాళం మాత్రం నా దగ్గరే ఉండనీ."

"మతి పోయిందా నీకు?"

"పోనీ. తాళం ఇవ్వు."

"చూడు, నెట్ సెంటర్లో చిరిగిన కుర్చీలో కూర్చుని ఆడుకుంటున్న నిన్ను చెయ్యి పట్టుకుని ఇక్కడికి తెచ్చింది నేను. మీ అమ్మగారికి మాటిచ్చింది నేను. నిన్న వేదిక మీద ఆ గెలిచినవాళ్ళు కప్పు ఎత్తుతుంటే అందరూ అటు చూశారు, నువ్వు నన్ను చూస్తున్నావు. తప్పు చేసినవాడి చూపు రా అది."

"తప్పు చేసిన మాట నిజమే."

"చెప్పు."

"కోప్పడవు కదా?"

"చెప్పు ముందు!"

"నిన్న ఆ తొమ్మిది సెకన్లు నేను గేటు వైపు చూడలేదన్నా. నీ వైపు చూశాను."

"నా వైపేముంది?"

"నువ్వు ఆగిపోయావు."

"నేనా? 'ఎడమకి రా, ఎడమకి రా' అని మూడుసార్లు అరిచాను!"

"ఒక్కసారే. 'ఎడమ' అన్నావు, 'కి' కూడా రాలేదు. ఆ తర్వాత మాట లేదు. చెయ్యి మౌస్ మీదే ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషివి లేవు. తట్టాను, పిలిచాను. తొమ్మిది సెకన్లయ్యాక ఎక్కడ ఆపావో అక్కణ్ణుంచే అందుకున్నావు. అప్పటికి ముగ్గురూ లోపలికొచ్చేశారు. బండ అరుపుల్లో నీ మౌనం ఎవరికీ వినపడలేదు. రికార్డింగులో అయితే వినపడుతుంది. అందుకే తీసేశాను."

"కథలు."

"కథ కాదన్నా. నిన్న మొదటిసారీ కాదు. ఏడో వారంలో ఒకసారి, సెమీస్‌లో ఒకసారి. ఏడో వారంలో నువ్వు ఆగిపోతే, 'అన్న కుడికి రమ్మంటున్నాడు' అని నేనే చెప్పేశాను. గెలిచాం."

"ఆ కుడి ఎత్తు నాది! పేపర్లో కూడా రాశారు."

"రాశారు. నువ్వు కూడా నీదే అనుకున్నావు. అది చూశాకే నాకు భయమేసింది."

"నాకలా అయితే మీ వదినకి తెలియదా?"

"అడిగాను. మాట మధ్యలో అన్న ఆగిపోతుంటాడా వదినా అని. 'పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే, నేను మాట్లాడితే ఆయనకి చెవుడు' అని నవ్వేసింది. ఆవిడ నవ్వుతుంటే ఇంకేం చెప్పను?"

"ఆ డాక్టరు..."

"పేరు చెప్పకుండా అడిగాను. వెంటనే పరీక్షలు చేయించాలన్నాడు. ఎక్కడ చూపించాలో రాసిచ్చాడు, అదే ఆ కాగితం. చింపలేదు, పర్సులో ఉంది. మందులతో చాలామందికి అదుపులోకొస్తుందట. సెమీస్ అయ్యాకే భయపడి తాళం తీసేశాను, అంతవరకూ బండి ముట్టుకోనివ్వద్దని ఆయనా అన్నాడు. ఇక్కడ తొమ్మిది సెకన్లంటే ఒక రౌండు పోతుందన్నా. రోడ్డు మీద? పాప ముందు కూర్చుంటుంది."

"మరి నాతో చెప్పి చావచ్చు కదరా!"

"అదే నేను చేసిన తప్పు. సోమవారం సోమవారం ఆ పట్టిక ఫొటో తీసుకుని మురిసిపోయేవాడివి. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, ఇదే నా ఆఖరి సీజన్ అనేవాడివి. ఫైనల్ అయ్యాక చెబుదాంలే అనుకున్నాను. తాళం దాస్తే చాలనుకున్నాను. నాకూ కప్పు కావాలనిపించింది అన్నా. అబద్ధమెందుకు? నాకూ కావాలనిపించింది."

"అబ్బబ్బ, ఎంత బాగా అల్లావు రా! పట్టుబడ్డావు కాబట్టి జబ్బు నాకు అంటగడుతున్నావు. రికార్డింగు లేదు, సాక్ష్యం లేదు, నీ నోటి మాట ఒక్కటే ఉంది. నా ఒంట్లో ఏముందో నాకు తెలియదా?"

"తెలియదన్నా. అదే దాంతో వచ్చిన బాధ."

"చాలు. ఇంక నీతో మాటల్లేవు. మేడమ్ రానీ. ఈ పిచ్చుక తన తప్పు కప్పిపుచ్చుకోడానికి నన్ను..."

"అన్నా?"

"అన్నా, ఇటు చూడు. అన్నా."

"ఏమయ్యా, ఇద్దరూ తలుపేసుకుని ఏం మంతనాలు? కెప్టెన్, రమ్మన్నావు, వచ్చాను. ఏంటంత అర్జెంటు?"

"మేడమ్, అక్కడే ఆగండి. గట్టిగా మాట్లాడకండి."

"నేనేమన్నాను ఇప్పుడు? కెప్టెన్! నిన్నేనయ్యా. ఓడిపోతే మాత్రం పలకరిస్తే పలకవా? నా మొహంలోకే చూస్తూ..."

"చూడట్లేదు మేడమ్. మీరు కనపడట్లేదు ఆయనకి. ఆ కుర్చీ కాస్త వెనక్కి లాగండి, పడితే తలకి తగులుతుంది. నేను పట్టుకున్నాను. ఐదు... ఆరు..."

"ఏం లెక్కపెడుతున్నావు? ఏమైంది ఇతనికి? నీళ్ళు తేనా?"

"వద్దు. ఏం చెయ్యొద్దు, ఉండండి చాలు. తొమ్మిది... పది... పదకొండు... నేనే అన్నా, ఇక్కడే ఉన్నాను."

"...నన్ను రోగిని చేస్తున్నాడని ఆవిడ మొహం మీదే చెబుతాను. రానీ ఆవిణ్ణి, అప్పుడు నీ సంగతి... చెయ్యి తియ్యి రా, ఎందుకలా పట్టుకున్నావు? అరె, మేడమ్! మీరెప్పుడొచ్చారు?"