ఇరవై ఆంథూరియంలూ ఒక చెత్త లారీ

హలో… ఆఁ, నేనే. ఆ-జూ అక్కని.

పేట పెద్దవయ్యాక నా గొంతే గుర్తుపట్టవా, ఆ-ఫెంగ్? ఓట్లప్పుడు బానే గుర్తుపట్టావు!

విను. ఈ మొక్కల్ని చంపుతున్నది నువ్వే. నువ్వూ, నీ కమిటీలో ఏడుగురూ.

— తెగులా? ఏ తెగులు? నీళ్ళ తెగులు!

ఎక్కడేంటి, వృద్ధుల కేంద్రం గుమ్మంలో. ఆంథూరియం కుండీల మధ్య ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చున్నా. ఇరవై కుండీలూ బయట పెట్టించావటగా, చెత్త లారీ పాట వినబడగానే ఎత్తి పడెయ్యమని? నేను లేవను. లారీలో వెయ్యాలంటే నన్నూ వెయ్యి.

…

చచ్చాయని ఎవరు చెప్పారు? ఆకు పసుపెక్కితే చచ్చినట్టేనా? నీ పళ్ళూ పసుపే కదా!

కేంద్రం తెరిచిన రోజు వచ్చాయివి. చుట్టూ ఎర్ర కాగితం, దాని లోపల ప్లాస్టిక్, పైన ఎర్ర రిబ్బను, రిబ్బను మీద ఇచ్చినవాళ్ళ పేరు. నెలన్నరయింది. ఒక్కరైనా విప్పారా?

— ఆఁ, అదే! విప్పితే అదృష్టం పోతుందని ఒకరు. కౌన్సిలరు వచ్చి నా పేరేదీ అంటాడని నువ్వు. మరి పోసిన నీళ్ళు ఎటు పోతాయి? పైగా గోడకి వంతుల కాగితం! రోజుకొకరు, ఆదివారం ఇద్దరు! కప్పలకైనా జలుబు చేస్తుంది.

ఉండు, స్పీకర్లో పెడుతున్నా. రెండు చేతులూ కావాలి…

వింటున్నావా? నీ కౌన్సిలరు గారి రిబ్బను. ఇదిగో, టక్!

ఏమీ కాలేదు. ఆయన ఊడి పడలేదు.

అబ్బబ్బ, ఏం కంపు! సందు చివర పులిసిన తోఫూ అమ్మే బండి కంపు నయం. కుండీలోంచి లాగితే మొక్క వేళ్ళన్నీ గోధుమరంగు… పట్టుకుంటే తోలు ఊడొస్తోంది… ఆగాగు. లోపల తెల్లవి ఉన్నాయి! గట్టిగా ఉన్నాయి. నాలుగు… ఐదు… ఆరు! బతుకుతుందయ్యా, బతుకుతుంది!

…

అడుగున ఇదేంటి?

…

ఏం లేదు.

… ఏం లేదన్నాగా! …టీ ఆకులు.

…

నవ్వకు.

ఆఁ, నావే! పొద్దున కెటిల్‌లో మిగిలింది పారబొయ్యడం ఎందుకని… మా అమ్మ అలాగే పోసేది. అమ్మ కుండీలకి అడుగున బొక్కలుండేవి, అది నేను చూసుకోలేదు. సరే! చంపినవాళ్ళం తొమ్మిది మంది! కౌన్సిలరుతో పది! నా పేరు ముందు రాసుకో, చాలా?

— ఏంటీ? వీటి బదులు ప్లాస్టిక్ పూలా?

మరి లై అన్న ఏం తుడుస్తాడు?

…

నీకు గుర్తులేదా? ఐదో అంతస్తు లై అన్న. వదిన పోయాక నాలుగు నెలలు తలుపు తియ్యలేదు. నువ్వు అన్నం డబ్బా తలుపుకి తగిలించి వచ్చేవాడివి, కాదనను. కానీ ఆయన్ని కిందికి దింపింది నువ్వు కాదు, నేనూ కాదు. ఈ మొక్కలు. రోజూ తడిగుడ్డ తెచ్చి ఆకు ఆకూ తుడిచాడు. మొదట మొక్కలతో మాట్లాడాడు, తర్వాత మాతో. మొన్న మాజాంగ్ బిళ్ళల్లో దొంగాట ఆడి నా మీద గెలిచాడు కూడా! ఎంత సంతోషమేసిందో నాకు, ఓడిపోయి.

నిన్న నీ కమిటీ షు-ఫెన్ ‘చచ్చాయి, రేపు పడేస్తాం’ అంది. ఆయన గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని పైకెళ్ళాడు. ఇవాళ దిగలేదు.

… అవును. పొద్దుట్నుంచీ.

… నాకూ అదే భయం.

ఉండు — పాట! లారీ మలుపు తిరిగింది. షు-ఫెన్, ఆ కుండీ మీద చెయ్యి తియ్యి! తియ్యమన్నానా! …ఓ డ్రైవరు తమ్ముడూ! ఇవి చెత్త కాదు! నేను కూడా కాదు, మోకాళ్ళు అరిగాయంతే! పోనీ, పోనీ!

…నవ్వుతున్నాడు. చెయ్యూపి వెళ్ళాడు. మంచి పిల్లాడు, నీకంటే నయం.

షు-ఫెన్ కూడా కూర్చుంది. రిబ్బన్లు విప్పుతోంది, పాపం, ముడి మీద ముడి.

ఇప్పుడు చెప్పేది రాసుకో. పూల బజారులో కొబ్బరి పీచు ముక్కలు, చెట్టు బెరడు ముక్కలు, రెండు బస్తాలు. అడుగున బొక్కలున్న కుండీలు. చేతి తొడుగులు కూడా, దీని పాలు తగిలితే దురద. వంతుల కాగితం చింపెయ్. వేలు గుచ్చి చూస్తే పైన పొడిగా ఉండాలి, అప్పుడే నీళ్ళు. మన తైనాన్ ఊరి ఎండ నేరుగా పడకూడదు, తూర్పు కిటికీ లోపలికి జరుపుదాం. నీళ్ళ డబ్బా ఒక్క లై అన్న చేతికే. నేను అడిగినా ఇవ్వొద్దు!

…

సోమవారం మీటింగా? తీర్మానమా? వేళ్ళు కుళ్ళడానికి తీర్మానం చేశావా నువ్వు?

బజారు తర్వాత. తీర్మానం తర్వాత. ముందు మెట్లెక్కు. లిఫ్టు కోసం నిలబడకు. ఐదో అంతస్తు తలుపు కొట్టు. తియ్యకపోతే మళ్ళీ కొట్టు. ‘అన్నా, తప్పు మాది, మొక్కలు బతికే ఉన్నాయి, కుళ్ళిన వేళ్ళు కొయ్యాలి, నీ చెయ్యి కావాలి’ — ఇంతే చెప్పు. నీ నోటితో చెప్పు.

— చెప్పులెందుకయ్యా, ఉత్త కాళ్ళతో వెళ్ళు! ఇప్పుడే! ఫోన్ పెట్టెయ్!