ముందే ఆరిన లైటు

నాటకోత్సవంలో చెల్లెలి ఏకపాత్ర హాస్య ప్రదర్శన అప్పుడే ముగిసింది. మధ్యాహ్నం అదే గదిలో అక్క చేసిన ప్రదర్శనకు తొమ్మిదిమంది వచ్చారు. చెల్లెలికి మాత్రం కాలు పెట్టే సందు లేకుండా వచ్చారు. ఆమెకు లైట్లు వేసింది అక్కే.

“చివరి జోకు చెప్పకముందే లైటు ఆర్పేశావేంటక్కా?”

“టైమైపోయిందనుకున్నానే.”

“చేతికి వాచీ ఉందిగా.”

“జనం అంతలా పగలబడి నవ్వుతుంటే వాచీ ఎవరు చూస్తారు?”

“నువ్వు నవ్వలేదుగా.”

“ఒక్క జోకు పోతే ఏమైందిప్పుడు? లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు.”

“నేనూ అదే అంటున్నా. ముగింపు అదేననుకున్నారు. రేపు కూడా సరిగ్గా అక్కడే ఆర్పెయ్.”



“మరి ఆ చివరి జోకు?”

“నువ్వు తీసుకో. నీ షోకి పనికొస్తుంది.”