పసుపుపచ్చ చొక్కాగుడ్డ

కంకిపాడు బట్టల కొట్లో వీరభద్రయ్య ఖాకీ తాను విప్పబోతుంటే శౌరయ్య వద్దన్నాడు. ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీకి రోజూ తెల్లారకముందే సైకిలు మీద వెళ్లే మనిషి. ఇవాళ మోచేతికి కట్టుంది.

"పసుపుపచ్చది ఇవ్వండి, చొక్కాకి."

"యాభై దాటాక పసుపుపచ్చేంటయ్యా? ఎప్పుడూ ఖాకీయేగా నువ్వు!"

"మొన్న మంచులో చెరుకు లారీ తగిలిందండీ. కాలవగట్టు కింద పడ్డాను. వాడు ఆగలేదు. ఆ ఖాకీలో నేను కనపళ్లేదేమో."

"అయ్యో! ఎవరు లేపారు?"

"బాగా పొద్దెక్కాక, గడ్డి కోసుకునే ఆవిడెవరో. అందాకా అక్కడే పడున్నా."

"ఇంటికి కబురు చేయలేకపోయావా?"

"ఇంట్లో ఎవరున్నారండీ? మా ఆవిడ తెరేసమ్మ పోయి నాలుగు నెలలైంది. పావుగంట ఆలస్యమైతే రోడ్డు మీదకొచ్చి నిలబడేది. ఇప్పుడు నేను రాలేదని ఎవరికి తెలుస్తుంది?"

వీరభద్రయ్య పసుపుపచ్చ తాను దింపి, రెండున్నర గజాలు కొలిచి చింపాడు.

"డ్యూటీ దిగొచ్చేటప్పుడు మా కొట్టు ముందు సైకిలు గంట కొట్టి వెళ్లు."

"ఎందుకండీ?"

"వచ్చావని నాకు తెలియొద్దూ?"

"ఏరోజైనా కొట్టకపోతే?"

"కొట్టు కట్టేసి వెతుక్కుంటూ వస్తా."

శౌరయ్య పొట్లం అందుకున్నాడు. తలవంచుకుని, కళ్లు తుడుచుకున్నాడు. సైకిలు దగ్గరికి వెళ్లాల్సినవాడు, వెళ్లకుండా కొట్టు అరుగు మీద కూర్చున్నాడు.