మింగినా అరగని ధూళి

మళ్ళీ ఆ ఆక్సిజన్ మాస్కు లాగుతారెందుకండీ? మాట్లాడొద్దని డాక్టరుగారు చిలక్కి చెప్పినట్టు చెప్పారు కదా. ముప్పై ఏళ్ళ కాపురంలో నేను మాట్లాడుతుంటే మీరు అడ్డు రాకపోవడం ఇదే మొదటిసారి. కాసేపు అనుభవించనివ్వండి.

పొద్దున్న ఆయన నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పారు. ఊపిరితిత్తుల్లో కాపలా కణాలుంటాయట. లోపలికి ఏ చెత్తొచ్చినా గుటుక్కున మింగి అరిగించుకుంటాయట. మీరు పీల్చిన రాతిధూళినీ అలాగే మింగాయట. రాయి అరుగుతుందా? పొట్ట పగిలి చచ్చాయి.

పోనీ, చచ్చేవి నోరు మూసుకుని చావచ్చుగా? అబ్బే. లోపలి మంటంతా బయటికి కక్కి, చుట్టుపక్కల కణాల్ని కేకేసి మరీ పోతాయట. అవొచ్చి మళ్ళీ ఆ ధూళే మింగడం, అవీ పగలడం. మంట రేగిన చోటల్లా మచ్చ కట్టి ఊపిరితిత్తి ఎండిన తోలులా బిగుసుకుపోతుందట.

వింటుంటే మీ వంశమే గుర్తొచ్చింది నాకు. ఒక్క మాట అరిగించుకోరు, పగిలితే మాత్రం వీధంతా వినబడాలి. నవ్వకండి, దగ్గొస్తుంది.

మీ తమ్ముడు మూడు రోజులుగా బయట బెంచీ మీదే ఉన్నాడు. మీరేమో రానివ్వద్దంటారు. తెలుసులెండి మీ బాధ. అతని కార్ఖానాలో రాతిపలకలు కోసే మిషను దగ్గర నిలబడింది సొంత అన్న. మిగతా పనివాళ్ళ మొహాలకి కొత్త మాస్కులు, మీకేమో పీచు లేచిన పాతవి. "నా ప్రాణానికి వాడిచ్చిన విలువ ఇంతే" అని ఎంతమందికి చెప్పుకున్నారు? అతన్నే ఓ మాట అడగొచ్చుగా? అడగరు. పరువు అడ్డం.

నిన్న డాక్టరుగారు ఆ మాస్కొకటి తెమ్మన్నారు. తీసుకెళ్ళాను. వెలుతురులో పట్టి చూసి, దీన్నెవరు కడిగారని అడిగారు. ఒక్కరోజు వాడి పారెయ్యాలట. సబ్బు తగిలితే సన్నధూళిని పట్టే గుణం పోతుందట.

నాకేం తెలుసన్నాను.

నేనేనండి. రోజుకో కొత్త మాస్కు లెక్కన పెట్టెలు పంపేవాడు మీ తమ్ముడు, అన్నయ్య మర్చిపోతాడు వదినా, నీ దగ్గరుంచు అని. అంత మంచి వస్తువు ఒక్కరోజు వాడి పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు. నాలుగే తీసి, వాటినే రోజూ సాయంత్రం బ్రష్షుతో రుద్ది ఆరేసేదాన్ని. ఇంటిల్లిపాదిలో నా అంత పొదుపరి లేరని మురిసిపోయేదాన్ని. పదకొండు పెట్టెలు విప్పకుండా అటక మీదున్నాయి.

మీరు అతన్ని తిట్టినప్పుడల్లా చెబుదామనుకునేదాన్ని. చెబితే ఆ తిట్లు నాకు తగులుతాయి. అందుకని మీతోపాటు నేనూ వంత పాడాను. అన్నదమ్ముల మధ్య మాటలు పోయాయి, నాకు మాత్రం మంచిదాన్నన్న పేరు మిగిలింది.

అలా చూడకండి. కాదు, చూడండి. మీ ఇష్టం.

ఇప్పుడు వెళ్ళి అతనికీ చెప్పి లోపలికి పంపిస్తాను. మీరు కోప్పడితే పడతాను, అది నాకు అలవాటే. అతను "పర్లేదు వదినా" అంటాడేమోనని, అదీ నా భయం.