టాపు లేని కారు

మామిడి పూత కాలమని కొత్త దంపతులు టాపు తీసే కారు బాడుగకు తెచ్చుకుని, బంగారుపాళ్యం తోటల మధ్య పోతున్నారు.

“నిదానంగా పో మామా. పూత నెత్తిమీద రాలతా ఉండాది, ఎంత బాగుండాదో!”

“ఈ పొద్దు మనిద్దరమే. ఇంగెవురూ వద్దు.”

“అయ్యో, రోడ్డు పక్కన మా గురవమ్మ పెద్దమ్మ! సూసిందంటే తానూ వస్తానంటాది.”

“తల వంచుకో మే.”

“ఈ కార్లో తల వంచుకుంటే యాడ దాక్కునేది? టాపు మూసెయ్!”

“బండి ఆపితేనే మూసుకుంటాది.”

“అయితే బిన్నా ఆపి మూయి, ఆమె సూసేలోపల!”

టాపు పూర్తిగా మూసుకునేసరికి గురవమ్మ వెనక సీట్లో చీర సర్దుకుంటూ ఉంది.

“నా కోసరమే ఆపినావా అల్లుడా? బంగారు మనిషివి. టాపెందుకు మూసినావబ్బా, తియ్యి! నేను కార్లో పొయ్యేది ఊరంతా సూడొద్దా?”