గుర్రం మేత

బీచ్‌లో పిల్లల్ని తిప్పే తన గుర్రాన్ని సన్యాసిరావు మొన్ననే తెచ్చి నూకాలు వలల పాకలో కట్టేశాడు. ఈ సాయంత్రం మళ్లీ వచ్చాడు గానీ, పాక బయటే నిలబడి ఆమె చేతిలో నోట్లు పెట్టాడు.

"మేతకీ, పాక అద్దెకీ కలిపి పదేలనుకున్నాం గదా అప్పా. అప్పుసేసి రెట్టింపిత్తన్నాను, ఉంచు."

"ఎందుకు తమ్ముడూ? అది తింటే గదా కర్సు! ఉలవలు ముట్టుకోనేదు. నీళ్ల బకెట్టు సూత్తే బెదిరిపోతంది."

"కొత్త సోటు గదా."

"కాలి మీద ఆ గాటేటి?"

"తీగ గీసుకుంది."

"తీగకి పళ్లుంటాయేటి? కుక్క కరిసీసిందా?"

"పోయిన్నెల్లో. మానిపోయింది గదా."

"పిచ్చికుక్కా? సూదులేయించావా?"

"ఎక్కడేయించను అప్పా! వచ్చిందంతా దాని మేతకే సాలట్నేదు. నలుగురికీ తెలిత్తే పిల్లల్నెవలెక్కిత్తారు? అందుకే ఇక్కడ కట్టీసాను."

సన్యాసిరావు గొంతు తగ్గించి అడిగాడు.

"దాని నోట్లో సెయ్యెట్టనేదు గదా?"

"తిననంటే ఊరుకుంటానా? బెల్లంముద్ద నోట్లోకి తోసి తినిపించాను. సెయ్యంతా సొంగ సేసీసింది."

"సేతికి గాయాలేటీ నేవు గదా అప్పా?"

నూకాలు నోట్లు పట్టుకున్న వేళ్లకేసి చూసుకుంది. పొద్దున వంజరం చేప కోస్తుంటే కత్తి దిగిన చోటు ఇంకా పచ్చిగానే ఉంది.